నాలుగో నంబరు సీసా

"ఇందులో నీళ్ళు ఎక్కడివో రాయలేదేం?" అని అడిగారు మా మామగారు.

నేను అప్పుడే బజారు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. ఆయన వంటింట్లో బల్ల ముందు కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక బీరు సీసాను ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని దాని చీటీ చదువుతున్నారు. ఆ సీసా నాది. వాషింగ్ మెషీన్ వెనక, సబ్బుపొడి పెట్టెల చాటున దాచుకున్నది. తొమ్మిదేళ్ళుగా అక్కడే దాచుకుంటున్నాను.

"బార్లీ రాశారు. గోధుమ రాశారు. ఈస్టు కూడా ఏ రకమో రాశారు. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఊరికే 'నీళ్ళు' అని వదిలేశారు. నూటికి తొంభై పాళ్ళు అవేగా? ఎక్కడివో చెప్పొద్దూ?"

"మామయ్యగారూ, అది..."

"సబ్బుపొడి అయిపోయిందండీ అల్లుడుగారూ. దాని కోసం వెళ్తే ఇవి కనపడ్డాయి." ఆయన సీసాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. "చల్లబరిచి తాగుతారా, ఇలాగే తాగుతారా?"

అది వేసవి సెలవుల మొదటి వారం. నా భార్య చలికాలంలో పోయింది. నేను బడిలో భాష చెబుతాను. ఆ నాలుగు నెలలూ తరగతి గదిలో తప్ప ఇంకెక్కడా మాటలతో నాకు పని పడలేదు.

మామగారు మా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. అన్నేళ్ళలో మేమిద్దరం నేరుగా అనుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మధ్యలో ఆమె ఉండేది. "నాన్నా, ఫ్యాను తగ్గించనా అని అడుగుతున్నారు." "ఏవండీ, నాన్నకి పేపరు కావాలట." ఒకే గదిలో మూడడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరికీ ఆమె మాటలు అందించేది. నా సీసాల సంగతి కూడా ఆమెకు తెలుసు. సబ్బుపొడి అయిపోయినా ఖాళీ పెట్టెలు పారేయకుండా చాటు కోసం వరసగా నిలబెట్టి ఉంచేది. ఆమె వెళ్ళాక మా ఇద్దరికీ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఫ్యాను ఎంతలో ఉంటే అంతలోనే తిరిగేది.

సెలవులకు ముందు మా మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, బళ్ళు తెరిచే లోపల నేనొచ్చి నాన్నని తీసుకెళ్ళిపోతాను. గది కూడా సర్దేశాను. మీరొక్కరే ఎంతకని చూసుకుంటారు?"

"మామయ్యగారి ఇష్టం," అన్నాను.

అదే మాట ఆయన్నీ అడిగిందట. "అల్లుడుగారికి ఎలా వీలైతే అలా," అన్నారట. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసి, ఇద్దరికీ సమ్మతమేనని ఆమె అనుకుంది. తప్పు పట్టలేను. నేనైనా అలాగే అర్థం చేసుకునేవాణ్ణి.

ఆయన వెళ్ళటం నాకు ఇష్టం లేదు. కానీ కూతురు లేని ఇంట్లో ఆయన్ని ఉండమనటానికి నేనెవర్ని?

ఆ మధ్యాహ్నం సీసాను చల్లబరిచి రెండు గ్లాసుల్లో సగం సగం పోశాను. మామగారితో కలిసి తాగటం అదే మొదలు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చోలేక బల్లకి ఒకే పక్కన, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. ఆయన ఒక గుక్క తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు.

"బోరు నీళ్ళు కావు," అన్నారు చివరికి. "నది నీళ్ళే. ఎవరో శ్రద్ధగా వడగట్టారు. ఈ ఎవరో ఎక్కడుంటారు?"

*

ఆ ఎవరో ఊరికి అటు చివర, పాత టైర్ల గోడౌనులో ఉండేది. ముప్పై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఎప్పుడూ నీళ్ళ గొట్టం. మూడు స్టీలు ట్యాంకులు, ఒక పొడుగాటి చెక్కబల్ల, నాలుగు స్టూళ్ళు, అంతే ఆమె కార్ఖానా, కొట్టూ రెండూను. లోపలికి అడుగు పెడితే ఉడికిన ధాన్యం వాసన, తడిసిన సిమెంటు చల్లదనం. నేను అంతకుముందు రెండేళ్ళుగా అక్కడ కొంటున్నాను కానీ ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి, సంచిలో వేయించుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఆ శనివారం మొదటిసారి స్టూలు మీద కూర్చున్నాను, పక్కన మామగారితో.

ఆమె చిన్న గ్లాసులు నాలుగు వరసగా పెట్టింది. ఒకటోది లేత గోధుమ రంగు. రెండోది రాగి రంగు. మూడోది కొంచెం పులుపు. నాలుగోది నల్లగా, వెలుతురుకి పెట్టినా అవతలి వైపు కనపడనంత నల్లగా ఉంది.

"ఈ వరసలోనే తాగాలండీ," అంది. "నల్లదానితో మొదలుపెడితే మిగతావి నోటికి ఆనవు."

ప్రశ్నపత్రం కూడా అలాగే తయారు చేస్తాం, తేలిక ప్రశ్నలు ముందు. ఆమె మీద గౌరవం కలిగింది.

మామగారు ఒకటో గ్లాసు ఎత్తి వాసన చూశారు. గుక్క తీసుకుని బుగ్గల్లో అటూ ఇటూ తిప్పారు. పైకి చూశారు. తర్వాత లేచి, రెండడుగులు వేసి, మూలనున్న బకెట్లో ఉమ్మేసి, జేబురుమాలుతో మూతి తుడుచుకున్నారు.

ఆమె చేతిలో గొట్టం ఆగిపోయింది. "అంత ఘోరంగా ఉందా తాతగారూ?"

"అయ్యో, బ్రహ్మాండంగా ఉంది తల్లీ!"

"మరి ఉమ్మేశారే?"

ఆయన బకెట్ వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటమ్మా. వాటర్ వర్క్స్ ల్యాబులో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. పొద్దున్నే ఊరంతటి నీళ్ళూ రుచి చూడాలి. పద్నాలుగు శాంపిళ్ళు. మింగకూడదు."

"ఇది మింగచ్చు తాతగారూ. దీన్ని కాచేదే అందుకు."

నేను నవ్వు ఆపుకోవటానికి గ్లాసు ఎత్తాను. గోధుమది తాగుతుంటే లవంగం వాసన లీలగా తగిలి, వెనకనుంచి ఏదో పండు వాసన వచ్చింది. నాకు చాలా నచ్చింది. పైకి మాత్రం "ఫరవాలేదు" అన్నాను. మామగారు బ్రహ్మాండం అన్నది నిజంగానో, ఆమె నొచ్చుకోకూడదనో తెలియకుండా ముందే తేల్చి చెప్పటం ఎందుకని.

నాలుగోది వచ్చేసరికి, మాడిన ధాన్యం, పొగ, చేదు. కనుబొమ్మలు వాటంతటవే పైకి లేచాయి. "గట్టిగానే ఉంది," అన్నాను. పక్కన మామగారు "ఊఁ" అన్నారు. మిగతా మూడింటికీ ఎవరూ అడక్కుండా ఆయన ఆ మాత్రం కూడా అనలేదు. ఆయనకు ఇదే నచ్చినట్టుంది అనుకున్నాను. నాలుగోవి ఆరు సీసాలు కొన్నాను.

బస్సులో ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "బూట్లమ్మ గట్టి మనిషి," అన్నారు. అప్పటినుంచి ఆమె మా ఇంట్లో బూట్లమ్మ.

*

ఆ తర్వాతి నెల రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

శనివారాలు బూట్లమ్మ దగ్గర. మంగళవారాలు రైల్వే గేటు పక్క కొట్లో. అక్కడ రకరకాల ఊళ్ళ నుంచి వచ్చిన సీసాలు దొరికేవి. మొదటిసారి వెళ్ళినప్పుడు కొట్టువాడు కిటికీ దగ్గర అద్దాల అరలో తళతళలాడుతున్న సీసాలు చూపించాడు. మామగారు వాటిని ముట్టుకోలేదు.

"ఎన్నాళ్ళుగా ఎండలో ఉన్నాయి ఇవి?"

"అందంగా ఉంటాయని పెట్టామండీ."

"ఎండ పడితే నీళ్ళకే రుచి మారుతుంది నాయనా. లోపల చీకట్లో ఉన్నవి చూపించు." చీకట్లోంచి తెచ్చిన వాటిని తిరగేసి, నింపిన తేదీలు చదివి, కొత్తవి ఏరి ఒక పక్కన పెట్టారు.

కొట్టువాడు నా వైపు వంగి, "పాలప్యాకెట్లు కొనడానికి వచ్చారా సార్?" అని మెల్లగా అడిగాడు. మామగారు విన్నారు. "పాలైతే విరిగి తెలుస్తుంది. ఇది చెప్పకుండా చెడుతుంది," అన్నారు. మూడో మంగళవారానికి కొట్టువాడు అద్దాల అర ఖాళీ చేసి, అందులో ఉత్త గ్లాసులు సర్ది పెట్టుకున్నాడు.

ఇంట్లో సాయంత్రం ఎండ తగ్గాక రుచి చూసే కార్యక్రమం. దానికి నేను మార్కుల పద్ధతి పెట్టాను. వాసనకి ఇరవై, రంగుకి పది, నురగకి పది, రుచికి నలభై, మింగిన తర్వాత నోట్లో మిగిలేదానికి ఇరవై. బడి నుంచి తెచ్చిన రూళ్ళ కాగితాల మీద ఇద్దరం విడివిడిగా రాసేవాళ్ళం. మామగారు ఎడమ చేతిని కాగితానికి అడ్డం పెట్టుకుని రాసేవారు, పక్కవాడు కాపీ కొడతాడేమోనన్నట్టు. రాసి కూడా వెంటనే చూపించరు.

"మీదెంత?"

"ముందు మీరు చెప్పండి."

"అబ్బే, పెద్దవారు, మీరే ముందు."

"మార్కులు వేయటంలో మీరే కదండీ పెద్ద."

ఇలా కాసేపు నడిచాక ఎవరో ఒకరు చెప్పేవాళ్ళం. రెండోవారు కలంతో చిన్న దిద్దుబాటు చేసి, "నాదీ సుమారు అంతే," అనేవాళ్ళం. నెల రోజుల కాగితాల్లో మా ఇద్దరి మార్కులూ ఒక్కటే. పరీక్ష హాల్లో అయితే ఇద్దరినీ బయటికి పంపేవాణ్ణి.

ఇక నాలుగో నంబరు సంగతి. మొదటి వారం నేను ఆరు కొన్నానా, రెండో వారం మామగారు నన్ను పక్కకి జరిపి తనే ఆరు కొన్నారు. మూడో వారం నేను. నాలుగో వారం ఆయన. రోజూ భోజనానికి ముందు ఒక నల్లసీసా తెరిచి చెరి సగం పోసుకునేవాళ్ళం. నాకు అది కషాయంలా ఉండేది. ఆయన ముఖంలో ఏ కదలికా లేకుండా చివరి చుక్క దాకా తాగేవారు. అంత ఇష్టంగా తాగే మనిషి ముందు నేను గ్లాసు వదిలేస్తే ఏం బాగుంటుంది? నేనూ చివరి చుక్క దాకా తాగేవాణ్ణి.

"బాగుంటుంది కదండీ ఇది," అనేవాణ్ణి.

"మీకు నచ్చింది కదా. అంతకన్నా ఏం కావాలి?" అనేవారు.

ఆయన వెళ్ళిపోయాక ఈ చేదు తప్పుతుంది అని ఒక రోజు అనుకున్నాను. అనుకుని, గ్లాసు కడుగుతూ చాలాసేపు పంపు కట్టేయటం మరిచిపోయాను. కాలెండరులో బళ్ళు తెరిచే తేదీకి ఇంకా నాలుగు వారాలు ఉన్నాయి.

*

అయిదో శనివారం బూట్లమ్మ మాకోసం ఎదురు చూస్తోంది. కొత్త గోధుమ బీరు తయారైంది. ఊళ్ళో ఒక పెద్ద హోటలు మొదటిసారి ఆమె దగ్గర కొంటామంది. మరో మూడు వారాల్లో వాళ్ళకి పంపాలి.

"మీరిద్దరూ చెప్పాకే సీసాల్లోకి పోస్తాను," అంటూ ట్యాంకు నుంచి నేరుగా పట్టి ఇచ్చింది.

నేను తాగాను. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, చేతులు తుడుచుకోవటం కూడా మరిచిపోయి.

"బాగుంది," అన్నాను.

మామగారు ఒక గుక్క తీసుకున్నారు. లేచి వెళ్ళి బకెట్లో ఉమ్మేశారు. ఈసారి చెవులు ఎర్రబడలేదు.

"అమ్మాయ్, ఏమనుకోకు. ఇది బాలేదు."

ఆమె గ్లాసు తీసుకుని తనూ వాసన చూసింది.

"దెబ్బ తగిలితే అంటిస్తామే ప్లాస్టరు, ఆ వాసన వస్తోంది. నీ పనిలో తప్పు లేదు, నీళ్ళది. వేసవిలో నదిలో నీరు తగ్గుతుంది, క్లోరిన్ పెంచుతారు. ముప్పై రెండేళ్ళూ పెంచినవాణ్ణి నేనే. నీళ్ళుగా తాగితే అంతగా తెలీదు. ధాన్యంతో కలిసిందంటే ఈ వాసన పుడుతుంది. నీ బొగ్గు ఫిల్టరు మార్చి ఎన్నాళ్ళయింది?"

"ఆరు నెలలకోసారి మారుస్తాను తాతగారూ. ఇంకా నెల ఉంది."

"అది నెలలు చూడదమ్మా. ఎంత క్లోరిన్ తాగిందో అదే చూస్తుంది."

ఒక సీసాలో సగం పంపునీళ్ళు పట్టించి, మూత బిగించి గట్టిగా ఊపి, తెరిచి ఆమె ముక్కు దగ్గర పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని పీల్చింది. కళ్ళు తెరవకుండానే తల ఊపింది.

నేను స్టూలు మీద ఇంకా బాగుందన్న ముఖంతోనే కూర్చుని ఉన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"మాష్టారూ, మీరు బాగుందన్నారు!"

"మర్యాదకి అన్నానమ్మా."

"మీ మర్యాద నేను సీసాల్లో పోసి అమ్ముకోలేను కదా!" అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. అంతలోనే ఆమెకు ఇంకేదో అనుమానం వచ్చింది. గొట్టం కింద పడేసి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఆగండి. మరి నా నల్లది? వారానికి ఆరు పట్టుకెళ్తున్నారు. అది కూడా మర్యాదకేనా?"

నేను మామగారి వైపు చూశాను. మామగారు బకెట్ వైపు చూశారు.

"నిజం చెప్పాలంటే," అన్నారాయన గొంతు సవరించుకుని, "నాకు మొదటి రోజే నచ్చలేదు తల్లీ. అల్లుడుగారికి ప్రాణం కదా అని..."

"నాకా?" అన్నాను.

"మీకు కాదూ? కనుబొమ్మలెత్తి మరీ మెచ్చుకున్నారే!"

"చేదెక్కి లేచాయండీ అవి! మీరే కదా ఊఁ అన్నారు!"

"గొంతు దిగక అన్నాను!"

"నెల నుంచి చివరి చుక్క దాకా తాగుతున్నారు!"

"మీరు తాగుతుంటే నేనెలా వదిలేస్తానండీ?"

ఇరవై నాలుగు సీసాలు. ఇద్దరం మనసులో అదే లెక్క వేసినట్టున్నాం, ఒకేసారి నోరు మూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు. మామగారు స్టూలు మీంచి జారి, చెక్కబల్ల అంచు పట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. నాకు డొక్కలు నొప్పి పుట్టాయి. చలికాలం తర్వాత నేను నవ్వటం అదే మొదటిసారి. ఆ సంగతి అప్పుడు గమనించలేదు, గమనించి ఉంటే ఆగిపోయేవాణ్ణేమో.

బూట్లమ్మ మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఆ నల్లది మానేద్దామనుకున్నాను నేను. ఒక్కరూ కొనేవారు కాదు. మీ ఇద్దర్నీ చూసి, దీనికీ మనుషులున్నారులే అని పోయిన వారం ఇంకో ట్యాంకు కాచాను!"

"పోయిన వారమా?" మామగారు నవ్వు ఆపారు. "ఈ నీళ్ళతోనేనా?"

"ఈ నీళ్ళతోనే."

"అయితే అమ్మాయ్, అది కూడా పారబోయాల్సిందే," అన్నారు. గొంతులో విచారం తెచ్చుకోవటానికి బాగానే ప్రయత్నించారు కానీ రాలేదు.

అప్పుడు నవ్వింది ఆమె. కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, వెళ్ళి ఒక ట్యాంకు అడుగున మర తిప్పింది, తర్వాత రెండోది. లేతదీ నల్లదీ కలిసి నురగలు కక్కుతూ కాలవలోకి పోతుంటే ముగ్గురం కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

"రేపు కొత్త ఫిల్టరు పెట్టి మళ్ళీ కాస్తాను," అంది. "పొద్దున్నే వచ్చి నీళ్ళు రుచి చూసి వెళ్తారా తాతగారూ?"

"ఎన్నింటికి రమ్మంటావు?" అన్నారు మామగారు, అప్పుడే కాలరు సర్దుకుంటూ.

*

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దాదాపు ఖాళీ. సంచి కూడా ఖాళీ. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

చాలా ఏళ్ళుగా పిల్లలకి వాక్యాలు రాయటం నేర్పుతున్నాను. ఆ రోజు నాకు కావలసిన వాక్యం చిన్నది. దాన్ని లోపల రెండుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేశాను. బస్సు మార్కెట్ దాటింది.

"మామయ్యగారూ, ఇంకొకటి కూడా అడగనా?"

"అడగండి."

"చిన్నమ్మాయి దగ్గరికి వెళ్ళాలని మీకు ఉందా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. బయట ఒక మనిషి నిచ్చెన మీద నిలబడి బోర్డుకి రంగు వేస్తున్నాడు. బస్సు కదిలి, ఆ మనిషి వెనక్కి వెళ్ళిపోయాడు.

"మీకు వీలుగా ఉంటుందని అనుకున్నాను," అన్నారు.

"నాకా?"

అన్నాక ఇద్దరికీ తెలిసింది, గంట కిందట గోడౌనులో కూడా ఇదే మాట అన్నానని. ఈసారి నవ్వలేదు.

"వాళ్ళ ఇంట్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి," అన్నారు మామగారు. "పిల్ల మంచిదే. అల్లుడూ మంచివాడే. నీళ్ళే."

"మీరు వెళ్తే నేను ఆ ఇంట్లో ఉండలేనండీ."

ఆయన ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టారు. విప్పారు. మళ్ళీ మడత పెట్టారు. మా స్టాపు వచ్చింది, వెళ్ళింది. ఇద్దరం చూశాం. ఎవరం లేవలేదు.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తుంటే, "సాయంత్రం ఒకటోది తాగుదామా?" అన్నారు. "ఇంకా ఎక్కడన్నా దాచారా?"

"బీరువా వెనక రెండున్నాయి."

"అక్కడ వేడి ఎక్కువండీ. ఇక మీద ఫ్రిజ్‌లో పెట్టండి, మనుషుల్లాగా."

*

మా మరదలికి ఈ సంగతి వెంటనే చెప్పలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదని ఆయన, ముఖం చూస్తూ చెప్పలేనని నేను. అలా రోజులు జరిగాయి. మామగారు రోజూ పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని గోడౌనుకి వెళ్ళి, బూట్లమ్మ నీళ్ళు మూడు శాంపిళ్ళు రుచి చూసి, బకెట్లో ఉమ్మేసి, పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేవారు. ఆ పుస్తకం ఆయనే పెట్టించారు. ఇంట్లో ఇద్దరి మార్కులూ వేరవటం మొదలైంది. మొదట రెండు మూడు తేడా. తర్వాత పది. ఒకరోజు రాగి రంగు బీరుకి నేను డెబ్భై వేస్తే ఆయన నలభై ఒకటి వేసి, కింద గీత గీసి, "శ్రద్ధ లేదు" అని రాశారు.

బళ్ళు తెరవటానికి అయిదు రోజుల ముందు కొత్త గోధుమ బీరు సిద్ధమైంది. హోటలుకి పంపే ముందు బూట్లమ్మ మాకు నాలుగు సీసాలు ఇచ్చి పంపింది. ఆ మధ్యాహ్నమే, చెప్పిన రోజు కన్నా ఒక రోజు ముందు, మా మరదలు రెండు పెద్ద ఖాళీ పెట్టెలతో మెట్లెక్కి వచ్చింది.

ఆమె తర్వాత చెప్పింది, మొదటి అంతస్తు దగ్గరే మా అరుపులు వినపడ్డాయని. పెట్టెలు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చిందట.

"ఎనభై ఒకటా? దేనికి ఎనభై ఒకటి?" అంటున్నారు మామగారు, లేచి నిలబడి. "నురగ చూశారా అసలు? మూడు నిమిషాలు నిలబడలేదు!"

"నురగ తాగుతామా మామయ్యా? వాసన చూడండి ముందు!"

"వాసన నాకు చెబుతున్నావా? నీకేం తెలుసయ్యా వాసన గురించి! ఆ ప్లాస్టరు కంపుని బాగుందన్న మనిషివి!"

"అది ఇంకా ఎన్నాళ్ళు అంటారు?"

"బతికున్నన్నాళ్ళు అంటాను!"

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. తండ్రి గొంతు పెంచటం ఆమె ఎప్పుడూ విని ఉండదు. నేను పెంచటం నేనే విని ఉండలేదు.

"నాన్నా, నువ్వు కూర్చో. బావగారూ, ఆయన పెద్దవాడు, ఏదో అన్నారు, మీరు మనసులో పెట్టుకోకండి. నాన్నా, బావగారు అనేది ఏంటంటే..."

"వాడు అనేది నాకు వినపడుతూనే ఉందమ్మా, చెవుల్లో అరుస్తుంటే," అన్నారు మామగారు. "నువ్వొచ్చావు, మంచిదైంది. కూర్చో. ఇదిగో, ఇది తాగి నురగకి పదికి ఎన్నో చెప్పు."

ఆమె నా వైపు చూసింది, అర్థం చెప్పమన్నట్టు. నేను ఆమెకు ఒక రూళ్ళ కాగితం, కలం ఇచ్చాను.

ఆమె కూర్చుంది. చున్నీతో చెమట తుడుచుకుని, గ్లాసు ఎత్తి, ఒక గుక్క తాగింది. కాసేపు ఆలోచించింది. "సబ్బునీళ్ళలా ఉంది," అంది.

"చూశావా!" అని ఆయన, "చూశారా!" అని నేను, ఒకరినొకరం చూసుకుని ఒకేసారి అన్నాం. దానర్థం ఏమిటో, ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాతే మామగారు ఆమె చెయ్యి పట్టుకుని చెప్పారు. "నేను ఇక్కడే ఉంటానమ్మా. వానలు పడ్డాక మీ ఇంటికి వచ్చి నెల రోజులుంటాను. మీ నీళ్ళ సంగతి కూడా చూడాలి."

"గది సర్దాను నాన్నా," అంది. "పరుపు కూడా కొత్తది వేయించాను. అక్క లేదు. నువ్వన్నా నా దగ్గర ఉంటావనుకున్నాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. నేను కిందికి వెళ్ళి ఆమె పెట్టెలు పైకి తెచ్చాను. ఖాళీ పెట్టెలు, తేలిగ్గా ఉన్నాయి.

నేను వచ్చేసరికి ఆమె మామగారి పక్కన కూర్చుని నా కాగితం చదువుతోంది. "రంగుకి తొమ్మిదేంటి బావగారూ, అంత బాగుందా?" అని అడిగింది. "మరేం, ఎక్కువ వేశాడు," అని మామగారు అందుకున్నారు. నేను ఊరుకోలేదు. గ్లాసును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో పెట్టి, చూడండి అన్నాను. ఆయన లేచి వచ్చి, "కిటికీ ఎండలో ఏది పెట్టినా బంగారంలాగే ఉంటుంది, నీడలో పెట్టి చూపించు," అన్నారు. అక్కణ్ణుంచి మళ్ళీ మొదలైంది.

మధ్యలో ఆమె ఫోన్ మోగింది. భర్త. ఆమె లేచి, ఒక చెవి మూసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు.

"లేదండీ, నాన్న రావట్లేదు," అంది. అవతల ఆయన ఏదో అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి, గదిలో ఒకే గ్లాసుని చెరొక చేత్తో పట్టుకుని నిలబడ్డ మా ఇద్దరినీ కాసేపు చూసింది.

"అబ్బే, భయపడాల్సిందేం లేదు. బాగానే ఉన్నారు," అంది. "పోట్లాడుకుంటున్నారు."